ఊట రాళ్ళ మీది కప్పపరుపు

తడిసిన ఉన్ని గొంగళిని జీవితంలో ఒక్కసారైనా ఎత్తి చూడనివాళ్ళకు రఫీల అలసట గురించి ఎంత చెప్పినా దండగే. పొడి గొంగళిని చంకలో పెట్టుకుని ఎంత దూరమైనా నడవొచ్చు. నీళ్ళు తాగాక అదే గొంగళి దూడంత బరువవుతుంది, దూడకున్నంత మొండితనమూ వస్తుంది. పంతొమ్మిదో ఏట కోడలిగా వచ్చిన రోజు నుంచి అరవై రెండో ఏట వరకు రఫీల అలాంటివాటిని ఎత్తుతూనే ఉంది. ఆమె నడుము ఏ పక్కకు వంగి ఉందో చూసి వాగు ఎటువైపుందో చెప్పొచ్చని ఊళ్ళో మొగాళ్ళు నవ్వుకునేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడూ వచ్చి ఒక్క గొంగళి ఎత్తిన పాపాన పోలేదు.

వాల్యా ఊర్సోయి అనే కొండ ఊళ్ళో ఆమెది చిట్టచివరి ఇల్లు. ఇంటి వెనక వాగు, వాగు పక్కన సుడితొట్టి. పైనుంచి చెక్క దోనెలో దూకుతూ వచ్చే నీళ్ళు, సందులు సందులుగా బద్దలు దిగగొట్టిన గుండ్రటి తొట్టిలో పడి గిర్రున తిరుగుతాయి. కొత్తగా నేసిన గొంగళైనా, తాతల నాటి తివాచీ అయినా అందులో పడేస్తే ఆ నీళ్ళే దాన్ని ముంచి, తేల్చి, తిప్పి, మెత్తగా చేసి పెడతాయి. సబ్బు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మనిషి చెయ్యాల్సిందల్లా వెయ్యడం, తియ్యడం, కమ్మీ మీద ఆరేయడం. వినడానికి ఇంత తేలిగ్గా ఉండే పని ఇంకోటి ఉండదు. చుట్టుపక్కల ఏడూళ్ళవాళ్ళు చలికాలం వాడుకున్న గొంగళ్ళన్నీ మూటలు కట్టి తెచ్చి ఆమె గుమ్మంలో పడేసి, "నీకేమమ్మా రఫీలా, చాకిరంతా నీళ్ళే చేస్తాయి" అని చక్కా పోయేవాళ్ళు.

భర్త గావ్రిల ఉన్నన్నాళ్ళూ తడి గొంగళికి రెండో కొస పట్టేవాడు. పదేళ్ళ కిందట దగ్గుతో మొదలై మూడు నెలల్లో పోయాడు. అప్పటి నుంచి రెండో కొస నేల మీద ఈడ్చుకుంటూ రావడం, దానికంటిన మట్టి కోసం మళ్ళీ తొట్టిలో వెయ్యడం. పిల్లలు లేరు. ఉన్న చుట్టమల్లా ఎదురింట్లో ఉండే గావ్రిల చెల్లెలు సవేత.

సవేత మంచిది. కాకపోతే ఆమె మంచితనం భరించడానికి ఒంట్లో సత్తువ ఉండాలి. నిద్ర లేచిన దగ్గర నుంచి నోరు ఆగదు, చీపురు ఆగదు. ఏటా ఈస్టర్ ముందు ఇంటి గోడలకే కాదు, వాకిట్లో రేగు చెట్లకు నడుమెత్తు సున్నం, దారి పక్క రాళ్ళకు సున్నం, కుక్కను కట్టేసే గుంజకు సున్నం. నిజం చెప్పాలంటే ఈ పిచ్చి సవేత ఒక్కదానిది కాదు, ఆ తరం మొత్తానిది. పాత ప్రభుత్వం రోజుల్లో పైనుంచి ఎవరైనా వస్తున్నారని కబురొస్తే ఊరు ఊరంతా బకెట్లు పట్టుకుని రోడ్డెక్కేది. ఒకసారి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని రెండు రోజులపాటు మైలు పొడుగునా చెట్లకు సున్నం కొట్టారు. ఆయన కారు అవతలి లోయ మీదుగా వెళ్ళిపోయింది. ఆ ప్రభుత్వం కూలి పాతికేళ్ళయింది గానీ చేతుల అలవాటు పోలేదు. అతిథి అన్న మాట చెవిన పడితే వాల్యా ఊర్సోయి ఆడవాళ్ళ చెయ్యి ఇప్పటికీ దానంతటదే సున్నం బకెట్ మీదికే పోతుంది.

ఇక ఊట సంగతి. వాగు పుట్టేది రఫీల ఇంటికి నూరడుగుల పైన, ఆల్డర్ చెట్ల నీడలో ఉన్న రాతి గూట్లోంచి. గావ్రిల ఉన్నప్పుడు ఏటా ముందువరస రాళ్ళు రుద్ది సున్నం కొట్టేవాడు. వెనక చెమర్చే రాళ్ళ జోలికి పోయేవాడు కాదు. అతను పోయాక రఫీల ఆ ముందు రాళ్ళను కూడా ముట్టుకోలేదు. భక్తితో కాదు, బాధతో కాదు, ఓపిక లేక. పదేళ్ళలో వెనక రాళ్ళ మీదున్న పచ్చటి పొర మెల్లగా ముందుకు పాకి గూడంతా కప్పేసింది. ఊళ్ళోవాళ్ళు దాన్ని కప్పపరుపు అనేవాళ్ళు. పచ్చగా, అంచుల్లో కాస్త ఎరుపు తిరిగి, ఎప్పుడూ నీళ్ళోడుతూ ఉండేది.

"ఏంటొదినా ఆ ఊట? పందుల దొడ్డి నయం," అనేది సవేత. "మా అన్న చూస్తే సమాధిలోంచి లేచొచ్చి రుద్దుతాడు."

"రానియ్యవే. వచ్చినవాణ్ణి నాలుగు గొంగళ్ళు కూడా ఎత్తి పొమ్మంటాను," అనేది రఫీల.

అలా రోజులు గడిచిపోతుండగా, రెండేళ్ళ కిందట, ఎర్రరంగు పూసిన కర్రలు పట్టుకుని కొందరు వాగు వెంట నడిచారు. ఊట దగ్గరే నీళ్ళన్నిటినీ ఇనప గొట్టంలోకి ఎక్కించి, నాలుగు మైళ్ళ కింద కరెంటు తీస్తారట. వాగు ఉన్నచోట రాళ్ళు మిగులుతాయి. సుడితొట్టికి చుక్క నీరు రాదు. ఆ తొట్టే రఫీలకు తిండి, ఆ తొట్టే ఆమె పేరు. ఏడూళ్ళలో ఎక్కడికి పోయినా ఆమెను "సుడితొట్టి రఫీల" అనే అంటారు. తొట్టి ఆగితే ఆమె ఎవరో ఆమెకే తెలియదు. రోజూ తిట్టుకునే పని పోతుందంటే గుండె ఎందుకు జారిందో ఆమెకు మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమై ఇంకా నీరసం వచ్చింది.

మీటింగులు జరిగాయి. సంతకాలు పెట్టారు. అర్జీలు పంపారు. ప్రతి మీటింగులోనూ ఒకే మాట చెప్పాలి, ప్రతిసారీ కొత్త అధికారికి మొదటి నుంచి చెప్పాలి. రెండో ఏడు సగానికి వచ్చేసరికి ఊరు విసిగిపోయింది. "పోనియ్యండి, వాళ్ళతో మనమేం గెలుస్తాం" అన్నవాళ్ళే ఎక్కువయ్యారు.

ఆ మే నెలలో ఓటీలియ వచ్చింది. పట్నంలో మొక్కల చదువు చదివిన పిల్ల, ముప్పై దాటి ఉండదు, రబ్బరు బూట్లు, మెడలో తాడుకు చిన్న భూతద్దం. ఊట దగ్గర గంటసేపు గొంతుక్కూర్చుని, లేచి, బురద చేతులతోనే రఫీల చేతులు పట్టుకుంది.

"పిన్నిగారూ, ఇదేంటో తెలుసా మీకు?"

"కప్పపరుపు."

"కప్పపరుపే. పుస్తకాల్లో స్కపానియా అంటారు. నాచు కాదు, నాచుకి దూరపు చుట్టం. ఈ జాతిలో చాలా రకాలు చల్లటి కొండల్లో మామూలుగా దొరుకుతాయి. ఈ రకం దొరకదు. వాగు పొడుగునా వెతికాను, ఈ నాలుగు రాళ్ళ మీద తప్ప ఇంకెక్కడా లేదు. చూడండి, ఇందులోంచి చూడండి."

రఫీల ఒక కన్ను మూసి భూతద్దంలోంచి చూసింది. ఒక్కో ఆకూ మధ్యకు మడిచి ఉంది. పై మడత చిన్నది, కింది మడత పెద్దది. ఒకదాని పక్కన ఒకటి, కాడ పొడుగునా, మడతపెట్టిన దుప్పట్లు పేర్చినట్టు.

"ఇన్నిటికి మడతలు పెట్టడానికి ఎవరికమ్మా అంత ఓపిక?" అంది.

ఓటీలియ నవ్వింది. "దీన్ని కాపాడింది మీరే."

"నేనా? నేనేం చెయ్యలేదే."

"అదే. మీరేం చెయ్యకపోబట్టే బతికింది."

నలభై మూడేళ్ళ చాకిరీలో రఫీలకు దక్కిన మొదటి మెప్పు అది, అదీ చెయ్యని పనికి. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని మొక్కజొన్న ముద్ద తింటూ రెండుసార్లు తనలో తనే నవ్వుకుంది.

ఓటీలియ ఊరుకోలేదు. జిల్లా అధికారులకు ఫోటోలు పంపింది, మొక్క తుంపులు పంపింది. గొట్టం వేసే కరెంటు కంపెనీ తరఫువాళ్ళు, అవి వేరే చోట నుంచి తెచ్చినవి అని వాదించారు. చివరికి జిల్లా నుంచి ఒక కమిటీ స్వయంగా వచ్చి చూడాలని తేలింది. అక్టోబరులో ఒక గురువారం, పగలు పదకొండు గంటలకు. అంత అరుదైన మొక్క రాయి మీద కళ్ళబడితే చట్టం ప్రకారం గొట్టం ఆగుతుంది. కళ్ళబడకపోతే ఇక ఆపేది ఏదీ లేదు.

నాలుగు వారాల ముందు ఓటీలియ వచ్చి మరీ చెప్పింది. "పిన్నిగారూ, అప్పటిదాకా ఆ రాళ్ళని ఎవ్వరూ ముట్టుకోకూడదు. మీ ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పండి. ముఖ్యంగా మీ ఆడపడుచుగారికి."

"చెప్తాలే అమ్మాయీ."

చెప్పాలనే అనుకుంది. ఆ మర్నాడు సవేత జున్ను రొట్టె తెచ్చింది. రఫీల నోరు తెరిచింది కూడా. కానీ ఆ పూట తొమ్మిది గొంగళ్ళు తీసి ఆరేసి ఉంది, భుజాలు తెగి కింద పడతాయేమో అన్నట్టున్నాయి. సవేతకు ఏదైనా చెప్పడమంటే మాటలా? స్కపానియా అంటే ఏంటంటుంది. కప్పపరుపు వాగును కాపాడ్డమేంటని పొట్ట పట్టుకుని నవ్వుతుంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటుంది, చెబుతుండగానే మధ్యలో తన మోకాళ్ళ నొప్పి సంగతి ఎత్తుకుంటుంది. రెండేళ్ళుగా అధికారులకు చెప్పీ చెప్పీ రఫీలకు మాటలంటేనే మొహం మొత్తింది. సవేత ఆ ఊట వైపు పదేళ్ళుగా మూతి తిప్పుకోవడమే తప్ప చెయ్యి పెట్టింది లేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు పెడుతుంది? రేపు చెబుదాంలే అనుకుంది. రొట్టె తింది. మర్నాడు కూడా అలాగే అనుకుంది. అలా నాలుగు వారాలు దొర్లిపోయాయి.

బుధవారం పొద్దున రఫీల కొండకవతలి ఊరు వెళ్ళింది. అక్కడొక పెళ్ళి ఉంది, పెళ్ళివారి పన్నెండు గొంగళ్ళూ ఆ రోజు అందాలి. అందజేసి రోడ్డు మీదికి వచ్చేసరికి చివరి బస్సు వెళ్ళిపోయింది. పెళ్ళివారింట్లోనే పడుకుని, గురువారం తొలి బస్సు ఎక్కింది. తొమ్మిదికల్లా ఇంటికి చేరతాను, కమిటీ పదకొండుకి గదా అని కిటికీకి తల ఆనించి కునుకు తీసింది.

బస్సు దిగి మలుపు తిరగగానే చెట్లు కనిపించాయి.

తన ఇంటి దారికి రెండు పక్కలా ఆల్డర్ చెట్లు నడుమెత్తు వరకు తెల్లగా మెరుస్తున్నాయి. సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. చెట్ల దగ్గర ఆగారేమో అని రఫీల ఒక్క క్షణం ఆశపడింది. వాల్యా ఊర్సోయి ఆడవాళ్ళు చెట్ల దగ్గర ఆగే రకం కాదని ఆమె కంటే ఎవరికి బాగా తెలుసు? చేతిసంచీ దారిలోనే వదిలేసి పైకి నడిచింది. పరుగెత్తాలని ఉంది, ఒళ్ళు వినలేదు.

ఊట దగ్గర ఐదుగురు ఆడవాళ్ళున్నారు. రాతి గూడు పెళ్ళికూతురి పంటిలా తెల్లగా ఉంది. ముందు రాళ్ళు, వెనక రాళ్ళు, పక్క సందులు, ఎక్కడా పచ్చ అన్నది లేదు. నీళ్ళు సున్నం కలిసి పాలలా జారుతున్నాయి. గూటి మీద కుట్టుపని చేసిన తెల్ల తువ్వాలు పరిచి, రెండు పక్కలా పూలకుండీలు పెట్టారు. మధ్యలో సవేత, చేతిలో ఇనప బ్రష్షు, మొహమంతా సున్నం చుక్కలు.

"వచ్చావా వదినా! చూడు, చూడు! నిన్న మధ్యాహ్నం పంచాయతీ బంట్రోతు చెప్పాడు, జిల్లా నుంచి పెద్దోళ్ళు నీ ఊట చూడ్డానికొస్తున్నారంట. నువ్వా, ఊళ్ళో లేవు. ఉన్నా చేసే ఓపిక నీకెక్కడుంది? మా వదిన పరువు పోకూడదని వీళ్ళందర్నీ లాక్కొచ్చాను. నిన్న చీకటి పడేదాకా రుద్దాం, ఇవాళ మళ్ళీ రుద్దాం. పదేళ్ళ మురికే అది, జిగురులా పట్టుకుంది. కత్తులతో గీకాం."

సవేత చేతులు ముందుకు చాపి చూపించింది. సున్నం తిని వేళ్ళ సందులు పగిలి, రెండు చోట్ల రక్తం వస్తోంది. ఆ చేతుల్ని చూశాక, అరవడానికి తనకు హక్కు లేదని రఫీలకు తోచింది. గట్టు మీద కూర్చుండిపోయింది.

"గీకిందంతా ఏం చేశారు?" అని మాత్రం అడిగింది.

"ఏం చేస్తాం, వాగులో పారబోశాం. కొంచెం ఆ దురదగొండి పొదల్లో పడినట్టుంది. ఎందుకూ?"

రఫీల లేచి పొదల్లోకి దిగింది. వెనక నుంచి ఆడవాళ్ళు, "అలసట తలకెక్కినట్టుంది పాపం" అనుకోవడం వినబడింది. చేతులు దద్దుర్లెక్కినా వెతికింది. పిడికెడు దొరికింది. సున్నం అంటి, సగం గోధుమరంగుకు తిరిగి, బురదలో నలిగి ఉంది. దాన్ని నీళ్ళలో కడిగి ఎప్రాన్‌లో కట్టుకుంది.

పదకొండుకి కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు, వాళ్ళ వెనక ఓటీలియ. ఊట కనబడగానే ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకుని, ఒక్కో రాయీ, ఒక్కో సందూ అరగంట సేపు వెతికింది. ముగ్గురూ ఓపిగ్గానే నిలబడ్డారు. ఆమె లేచేసరికి మోకాళ్ళకు సున్నం అంటి ఉంది.

రఫీల ఎప్రాన్ విప్పి పిడికెడు ముద్ద చాపింది. "ఇదిగోండి. ఈ రాళ్ళ మీదదే. నిన్నటిదాకా ఇక్కడే ఉంది."

కమిటీ పెద్ద తల నెరిసిన మనిషి, చెడ్డవాడు కాదు. కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. "అమ్మా, నేను మిమ్మల్ని అబద్ధాలకోరు అనడం లేదు. కానీ మేం రాయాల్సింది రాయి మీద ఉన్నదాని గురించి. చేతిలో ఉన్నది ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు అంటారు. ఈ ఊటను ఎవరు శుభ్రం చేశారు?"

ఐదుగురు ఆడవాళ్ళూ కాస్త దూరంలో పళ్ళేలు సర్దుతూ, ఇటు చూసి సిగ్గుగా నవ్వుతున్నారు, మెచ్చుకుంటారని.

"నేనే," అంది రఫీల.

"మీరా?" అంది ఓటీలియ. "పిన్నిగారూ, నేను మీకు చెప్పాను కదా."

"చెప్పావమ్మాయీ. నువ్వు చెప్పావు. తప్పు నాదే."

ఓటీలియ ఆమె మొహంలోకి చూసింది, తర్వాత సవేత చేతుల వైపు చూసింది. ముద్దను ఒక కాగితంలో చుట్టుకుని, ఎవరికీ కనబడకుండా మొహం తుడుచుకుంది.

అతిథులను తినకుండా పోనివ్వరు గదా. రేగు సారాయి పోశారు, జున్ను రొట్టెలు పెట్టారు. కమిటీ పెద్ద రెండు రొట్టెలు తిని, ఇంత శుభ్రంగా ఉంచుకున్న ఊటను తన సర్వీసులో చూడలేదని మనస్ఫూర్తిగానే అన్నాడు. కారెక్కేముందు రఫీలను పక్కకు పిలిచి, "రాయడానికి నా దగ్గర ఏమీ లేదమ్మా, వసంతంలో పని మొదలుపెడతారు" అని చెప్పి వెళ్ళాడు.

ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "ఏమన్నాడు? నచ్చిందంటనా?"

"నచ్చిందంట. ఇంత శుభ్రమైన ఊట ఎక్కడా చూడలేదన్నాడు."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకామె సవేతను ముద్దుపెట్టుకుంది. మెల్లగా ఎవరి బకెట్ వాళ్ళు తీసుకుని దిగిపోయారు. సవేత ఒక్కతే మిగిలి, దోనె దగ్గర పళ్ళేలు కడగసాగింది.

"ఏంటొదినా, నచ్చిందని నువ్వే అన్నావు, మొహం చూస్తే శవం దగ్గర కూర్చున్నట్టున్నావు. మరి నీళ్ళు మనకేగా?"

రఫీల చెప్పింది. ఎప్పటికీ చెప్పలేననుకున్నది చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. కప్పపరుపు, భూతద్దం, వాగంతటికీ ఆ నాలుగు రాళ్ళు, కమిటీ దేన్ని చూడడానికి వచ్చిందో అది. సవేత మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి, పళ్ళెం జారి దోనెలో కొట్టుకుపోయింది, అది కూడా చూడలేదు.

"ఆ అమ్మాయి నీకెప్పుడు చెప్పింది?"

"నాలుగు వారాలైంది."

"ఈ నాలుగు వారాలూ రోజూ నా మొహం చూస్తూనే ఉన్నావు. ఆదివారం చర్చిలో నా పక్కనే నించున్నావు. ఒక్క ముక్క చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా వదినా?" తిట్టు మాటే గానీ గొంతు నిండా ఏడుపుంది. పగిలిన చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని దాచుకుంటోంది.

"అలిసిపోయి ఉన్నానే. నీకు చెప్పాలంటే మొదట్నించీ చెప్పాలి. నువ్వు నవ్వుతావు, మళ్ళీ చెప్పాలి. రేపు చూద్దాంలే అనుకున్నా."

"నవ్వేదాన్నే," అంది సవేత. "పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. నవ్వి, కర్ర పట్టుకుని ఆ రాళ్ళ దగ్గర కాపలా కూర్చునేదాన్ని."

అది నిజమని రఫీలకు తెలుసు. సవేత కూర్చునేది. వాన పడినా లేచేది కాదు.